వెనక ఎడమ తలుపు

మా కారుకి ఒక జబ్బు ఉండేది. తలుపుల లాకులు వాటంతట అవే పడిపోయేవి.

నేను రక్త పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే ఇళ్లకి వెళ్లి, మంచం దిగలేనివాళ్ల దగ్గర రక్తం తీసుకుని, సీసాలు ల్యాబుకి చేర్చడం నా పని. చాలాకాలం స్కూటర్ మీదే తిరిగాను. ఎండకీ వానకీ ఆ సీసాలని కాపాడుకోవడం పసిబిడ్డని ఎత్తుకు తిరిగినట్టే ఉండేది. అది చూసి మా తమ్ముడే ఈ సెకండ్‌హ్యాండ్ కారు చూసిపెట్టాడు. వాడికి కార్ల ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. బండి పాతదే కానీ వైర్లు కొత్తవాటిలా ఉన్నాయని, ముందు ఎవరో ఒకావిడ ఒక్కతే నడిపేదట, శుభ్రంగా ఉంచుకుందని చెప్పాడు. అమ్మింది మాత్రం ఆవిడ కాదు, వాళ్ల అన్నయ్య.

మొదటిసారి అది జరిగింది ల్యాబు వెనక సందులో, పట్టపగలు. కారు ఆపి, ఇంజను కట్టేసి, దిగబోయే ముందు సీసాల మీద చీటీలు అంటించుకుంటున్నాను. టక్. నాలుగు తలుపుల లాక్ పిన్నులూ ఒక్కసారే కిందికి దిగాయి. నా మోచెయ్యి తగిలిందేమో అనుకుని పిన్ను పైకి లాగాను. లేచింది. వేలు తియ్యగానే మళ్లీ టక్. ఎదురుగా గోడ నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. అది లేచి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, నా కారు వెనకవైపే చూస్తూ అడుగులో అడుగేసుకుంటూ పోయింది. కాసేపటికి పిన్నులు నాలుగూ వాటంతట అవే పైకి లేచాయి.

కుక్క సంగతి అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ఆ తర్వాత అలా చాలాసార్లు అయింది. కూరగాయల దుకాణం ముందు ఒకసారి, ఆస్పత్రి గేటు దగ్గర ఒకసారి. ఎక్కడైనా లోపల నేను ఉన్నప్పుడే. కారు ఖాళీగా ఉన్నప్పుడు ఎప్పుడూ పడలేదు. నాకు భయం కంటే చిరాకే ఎక్కువ కలిగేది. దిగాలంటే దాని దయ కోసం కూర్చోవాలి.

ఆ రోజుల్లోనే మా అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయింది. పక్క ఊళ్లో కంటి డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్లాలి. మా ఆయన ఉద్యోగం దూరంగా, నెలకోసారి వస్తాడు. అత్తయ్యకి మోకాళ్లు వంగవు, ఒక కంటికి పట్టీ. మెట్లు దింపడానికి సాయం ఉంటుందని తమ్ముణ్ణి రమ్మన్నాను. వాడు వస్తూ పనిముట్ల సంచీ తెచ్చుకున్నాడు.

"ముందు దీని సంగతి చూస్తాను. లేకపోతే అత్తయ్యగారు లోపల, మనం బయట అవుతాం" అన్నాడు.

ఇంటి ముందే డ్రైవరు తలుపు అట్ట ఊడదీశాడు. అత్తయ్య కుర్చీ వేసుకుని ఒంటికంటితో చూస్తూ కూర్చుంది. ఆవిడకి దేని లోపల ఏముందో తెలుసుకోకపోతే అన్నం అరగదు.

"ఏం చేస్తుంది నాయనా అది?"

వాడు టార్చి వేసి చూపించాడు. ప్రతి తలుపు లోపలా అరచేతిలో పట్టేంత మోటారు. దాని నుంచి ఒక ఊచ పైకి వచ్చి పిన్నుకి తగులుతుంది. డ్రైవరు పిన్ను నొక్కితే అక్కడి స్విచ్చి ఒక కబురు పంపుతుంది. ఆ కబురు డ్యాష్‌బోర్డు కింద ఎడమవైపున్న చిన్న పెట్టెకి వెళుతుంది. పెట్టె అన్ని మోటార్లకీ ఒకేసారి కరెంటు ఇస్తుంది. రెప్పపాటు సేపే. ఊచలు కిందికి లాగుతాయి, అన్నీ పడతాయి. డిక్కీకి కూడా ఒక మోటారు ఉంది కాబట్టి అదీ పడుతుంది. పిన్ను పైకెత్తితే కరెంటు తిరగబడి వెళుతుంది, ఊచలు పైకి తోస్తాయి.

"అంటే ఒకప్పుడు ఈ ఇంట్లో నా మాటలాగ" అంది అత్తయ్య. "వంటింట్లో అంటే నాలుగు గదుల్లోనూ పడేది."

"ఇప్పుడు పడట్లేదా అత్తయ్యా?"

"ఇప్పుడు పెట్టె నీ దగ్గరుంది కదమ్మాయ్."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ రోజు మేం మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

తమ్ముడు స్విచ్చి మార్చాడు. అట్ట బిగించి నన్ను లోపల కూర్చోమన్నాడు. కూర్చున్నాను. కాసేపు ఏమీ లేదు. వాడు చేతులు తుడుచుకుంటూ ఉండగా, టక్. వాడు మొహం చిట్లించి, డ్యాష్‌బోర్డు కింద దూరి, పెట్టెకి వచ్చే ప్లగ్గు పీకేశాడు.

"పీడా పోయింది. వారం తర్వాత తీరిగ్గా చూస్తాను. అందాకా ఎవరి తలుపు వాళ్లు చేత్తో నొక్కుకోవాలి. డిక్కీకైతే తాళం చెవే."

నేను బండి తీశాను. వాడు నా పక్కన, అత్తయ్య నా సీటు వెనక. ఆవిడ పక్కన, వెనక ఎడమవైపు, సీటు ఖాళీ.

డాక్టరు దగ్గర ఆలస్యమైంది. బయటికి వచ్చేసరికి ఆకాశం బొగ్గులా ఉంది. అత్తయ్య సంచీ డిక్కీలో పడేసి, వాన మొదలయ్యేలోపు ఊరు చేరాలని అడ్డదారి పట్టాను. ఆ దారిలో రైల్వే గేటు ఉంటుంది. మేం చేరేసరికి గేటు వేసేశారు.

మా ముందు ఎవరూ లేరు. వెనకా ఎవరూ లేరు. రోడ్డుకి రెండువైపులా నీళ్లు నిలిచిన ఖాళీ నేల. గేటు కాపలాదారు గది పట్టాలకి అవతల, కిటికీలో పసుపు దీపంతో, చాలా దూరంగా కనిపిస్తోంది. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు గానీ వాన ఆ వెలుతురుని బూడిదలా చేసింది. ఇంజను కట్టేశాను. కారు పైకప్పు మీద చినుకుల చప్పుడు. తడిసిన సీట్ల వాసన. అద్దాలకి మెల్లిగా ఆవిరి పడుతోంది.

తమ్ముడు తల వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నాడు. నేను స్టీరింగు మీద చేతులు పెట్టి గేటు వైపు చూస్తున్నాను. అప్పుడు నా కుడి చెయ్యి పక్కన ఏదో కదిలింది.

నా తలుపు లాక్ పిన్ను.

అది కొంచెం కిందికి దిగింది. మళ్లీ పైకి వచ్చింది. మళ్లీ దిగింది. ఓపిక లేని మనిషి వేలితో నొక్కుతున్నట్టు. దిగలేక, ఆగలేక.

"తమ్ముడూ" అన్నాను.

వాడు కళ్లు తెరిచి చూశాడు. వాడి తలుపు పిన్నూ అలాగే వణుకుతోంది. వెనక్కి తిరిగాడు. నాలుగూ అంతే.

"ఊచలు వదులై ఉంటాయి... గాలికి..." అన్నాడు. మాట పూర్తి చెయ్యలేదు. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ప్లగ్గు ఊడే ఉంది. పెట్టెకి కరెంటు లేదు. వాడు ఆ ప్లగ్గు చేతిలో పట్టుకుని నా వంక చూశాడు. పిన్నులు వణుకుతూనే ఉన్నాయి.

"అమ్మాయ్" అంది అత్తయ్య వెనక నుంచి. గొంతు చాలా చిన్నగా ఉంది. "బండి మీద ఎవరో చెయ్యి వేశారు."

నాకూ తెలిసింది. కారు వెనకభాగం కొద్దిగా కిందికి కుంగి, మళ్లీ లేచింది. ఎవరో బరువు ఆనించి తీసినట్టు.

అద్దంలో చూశాను. వెనక అద్దం నిండా ఆవిరి. దాని వెనక ఏమీ లేదు. వాన ఉంది. తర్వాత కంకర మీద అడుగు పడిన చప్పుడు. ఒకటి. ఆగింది. ఇంకొకటి. తొందర లేదు దానికి.

కుక్క గుర్తొచ్చింది. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, నా వైపు కాదు, నా కారు వెనకవైపు చూస్తూ పోయిన కుక్క. ఆ దుకాణం ముందు, ఆ ఆస్పత్రి గేటు దగ్గర... ప్రతిసారీ తలుపులు పడ్డాయి. కాసేపటికి తెరుచుకున్నాయి. ఏదో దాటిపోయేదాకా ఆగినట్టు.

నన్ను లోపల బంధించడానికి కాదు.

"పిన్నులు నొక్కండి" అన్నాను. మళ్లీ అన్నాను. "నొక్కండి. అందరూ."

నాది నొక్కాను. తమ్ముడు వాడిది నొక్కాడు. వెనక అత్తయ్యది పడిన చప్పుడు వినిపించింది. మూడు.

"అత్తయ్యా, అటువైపుది..."

ఆవిడ సీటు మీద అడ్డంగా ఒరిగింది. మోకాళ్లు కదలవు, ఒక కన్ను కనపడదు. చేత్తో గాలిలో వెతుకుతోంది. "అందట్లేదు... అందట్లేదమ్మా..."

తమ్ముడు సీట్ల మధ్య నుంచి వెనక్కి వంగాడు. వాడి చెయ్యీ చాలలేదు. బయట అడుగులు ఎడమవైపుకి వచ్చి ఆగాయి. వెనక ఎడమ తలుపు హ్యాండిల్ మెల్లిగా కదులుతున్న చప్పుడు. ఇనుము మీద ఇనుము జారే చప్పుడు.

టక్.

నాలుగో పిన్ను పడింది.

మరుక్షణం బయట హ్యాండిల్ లాగారు. తలుపు డబ్‌మని కదిలి, ఆగింది. మళ్లీ లాగారు. ఆగింది.

"అందిందా అత్తయ్యా?"

ఆవిడ ఇంకా అడ్డంగానే ఒరిగి ఉంది. చాచిన చెయ్యి పిన్నుకి జానెడు దూరంలో ఉంది.

"నేను కాదు" అంది.

అడుగులు కదిలాయి. తమ్ముడి తలుపు హ్యాండిల్. డబ్. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి నా వైపు. నేను అద్దంలోంచి చూడకూడదనుకుంటూనే చూశాను. వాన తప్ప ఏమీ లేదు. ఏమీ లేని చోట నా తలుపు హ్యాండిల్ లేచింది. డబ్. తర్వాత అత్తయ్య తలుపు. డబ్. ఇంట్లోవాళ్లు పడుకునే ముందు తాళాలు చూసుకున్నట్టు, ఒక్కొక్కటీ.

అడుగులు మళ్లీ కారు వెనక్కి వెళ్లాయి.

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా. డిక్కీ."

డిక్కీకి తాళం వెయ్యలేదు. సంచీ పడేసి, మూత దించి, వచ్చేశాను. దానికి లోపలివైపు పిన్ను లేదు. ఆ కారు డిక్కీకీ వెనక సీటుకీ మధ్య ఉన్నది ఒక పల్చటి అట్ట మాత్రమే. అత్తయ్య తల వెనకే.

వెనక నుంచి చప్పుడు. డిక్కీ మీట నొక్కుతున్నారు. అది గట్టిది, నేనే రెండు చేతులతో నొక్కాలి. క్లిక్... జారింది. క్లిక్... ఇంకొంచెం లోపలికి వెళ్లింది.

తమ్ముడు ఒక్క ఊపులో డ్యాష్‌బోర్డు కింద దూరాడు. చీకట్లో ప్లగ్గు కోసం తడుముతున్నాడు. వాడి ఊపిరి వినిపిస్తోంది. తర్వాత చిన్నగా, ప్లగ్గు కూర్చున్న చప్పుడు.

"పెట్టాను. నొక్కు అక్కా."

నా పిన్ను వైపు చూశాను. అది అప్పటికే కింద ఉంది.

వాడికీ అప్పుడే అర్థమైంది. కింద ఉన్నదాన్ని నొక్కితే కబురు వెళ్లదు. ముందు పైకెత్తాలి. ఎత్తితే అన్నీ తెరుచుకుంటాయి. ఆ తర్వాతే నొక్కగలను. ఆ మధ్యలో... ఒక్క క్షణం... మేం ముగ్గురం తెరిచిన ఇంట్లో ఉన్నట్టే.

"తప్పదు" అన్నాడు. తన తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అత్తయ్యగారూ, మీ తలుపు గట్టిగా పట్టుకోండి."

"అటువైపుది?" అన్నాను.

అత్తయ్య ఖాళీ సీటు వైపు తిరిగింది. "పట్టుకోమ్మా" అంది. నాతో అన్నట్టు లేదు.

క్లిక్. డిక్కీ మీట లోపలి కొక్కెం సగం వదిలిన చప్పుడు.

పిన్ను ఎత్తాను.

నాలుగూ లేచాయి. అదే క్షణంలో తమ్ముడి తలుపు బయటికి లాగేసినట్టు తెరుచుకుంది. డిక్కీ దగ్గరున్నది రెప్పపాటులో అక్కడికి ఎలా వచ్చిందో తెలియదు. వాన లోపలికి కొట్టింది. వాననీళ్ల వాసన కాదు అది, చాలాకాలం మూసిపెట్టిన నూతిలోంచి వచ్చే వాసన. తమ్ముడు అరవలేదు. పళ్లు బిగించి, రెండు కాళ్లూ డ్యాష్‌బోర్డుకి తన్నిపెట్టి వెనక్కి లాగాడు. తలుపు కదల్లేదు. లాగాడు. అంగుళం. ఇంకొక అంగుళం. డబ్‌మని పడింది.

నొక్కాను.

టక్. అయిదూ పడ్డాయి. వెనక డిక్కీ మోటారు చప్పుడు కూడా విన్నాను. ఆ చప్పుడు కంటే మంచి చప్పుడు నేను ఈ జన్మలో వినలేదు.

డిక్కీ మీట ఇంకా రెండుసార్లు కదిలింది. తర్వాత ఆగింది. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. రైలు కూత వినిపించింది. ఇంజను దీపం మలుపు తిరిగి మా కారులోంచి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పోయింది. ఆ వెలుతురులో వెనక్కి తిరిగి చూశాను.

వెనక ఎడమ అద్దం మీద, ఆవిరిలో, ఒక అరచెయ్యి గుర్తు. ఆవిరి లోపలివైపు ఉంది. గుర్తూ లోపలివైపే. ఎవరో అద్దానికి చెయ్యి ఆనించి, బలమంతా పెట్టి తలుపుని తనవైపు ఆపుకున్నట్టు, వేళ్లు విడివడి ఉన్నాయి.

గేటు లేచింది. పట్టాలు ఎలా దాటానో గుర్తులేదు. దీపాలున్న రోడ్డు వచ్చింది.

"చల్లగా ఉంది" అంది అత్తయ్య. "నా పక్కనే కూర్చుంది. నా భుజానికి భుజం తగులుతూనే ఉంది. వణికిపోతోందమ్మాయ్. నాకంటే ఎక్కువ భయపడుతోంది."

"ఎవరు అత్తయ్యా?"

"నాకేం తెలుసు. ఆడమనిషి. నేను చెయ్యి పట్టుకున్నాను. ఇంటిదగ్గర దిగేదాకా వదలను."

తమ్ముడు ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నాడు. మర్నాడు వాడి భుజాలు వాచిపోయాయి. పాత యజమాని సంగతి కనుక్కుంటానని బయల్దేరాడు గానీ, ఆ అన్నయ్య గుమ్మంలోనే నిలబెట్టి, "మా చెల్లెలు లేదు" అన్నాడట. పోయిందా, కనపడకుండా పోయిందా అని అడిగితే తలుపు వేసేశాడట.

కారు అమ్మేద్దామన్నాడు మా ఆయన ఫోనులో. వద్దన్నాను. అత్తయ్య కూడా వద్దంది. ప్లగ్గు మళ్లీ పీకలేదు. తలుపులు పడితే పడనిచ్చేదాన్ని. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, బయటికి చూడకుండా, పిన్నులు లేచేదాకా కూర్చునేదాన్ని. ఒక్కోసారి "థాంక్స్" అనేదాన్ని. వెనక సీటు నుంచి ఏ జవాబూ వచ్చేది కాదు. కానీ ఒంటరిగా ఉన్నట్టు కూడా ఉండేది కాదు. అలా అలవాటైపోయింది. దాన్ని మించిన కాపలా ఎవరికి ఉంటుంది అనుకునేదాన్ని.

మొన్న మధ్యాహ్నం పని త్వరగా అయిపోయింది. అత్తయ్య పట్టీ విప్పించుకుని మా ఆయన దగ్గరికి వెళ్లింది. ఇంటికి పొద్దున్నే తాళం వేసి వెళ్లాను. మంచి ఎండ. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ పలకరించింది. కారు గేటు ముందు ఆపి, దిగి, తలుపులకి తాళం వేశాను. మెట్లెక్కి సంచీలోంచి ఇంటి తాళం చెవి తీశాను.

వెనక చప్పుడైంది. టక్.

తిరిగి చూశాను. కారు పిన్నులు నాలుగూ పైకి లేచి ఉన్నాయి.

నేను లోపల ఉండగా మూసుకోవడమే గానీ, నేను దిగి తాళం వేశాక అది తెరుచుకోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ వాన రోజు తర్వాత తమ్ముడు పెట్టిచ్చిన రిమోట్ నొక్కి మళ్లీ వేశాను. పడ్డాయి. వెంటనే లేచాయి. మళ్లీ వేశాను. మళ్లీ లేచాయి. ఈసారి ఆగలేదు. పడి లేచి, పడి లేచి, ఎవరో నోరు లేనివాళ్లు చేతులు ఊపుతున్నట్టు... చివరికి అన్నీ పైకే నిలబడిపోయాయి. వెనక ఎడమ తలుపు మెల్లిగా, పూర్తిగా తెరుచుకుంది.

రమ్మంటోంది.

ఇంటి తాళం చెవి నా వేళ్ల మధ్యే ఉంది. దాన్ని తాళానికి తాకించను కూడా లేదు. బయట తాళం వేసినది వేసినట్టే వేలాడుతోంది.

తలుపు అవతల, ఎవరూ లేని మా ఇంట్లో, లోపలి గడియ ఎవరో తీస్తున్నట్టు ఒక్కొక్క అంగుళమే పక్కకి జరుగుతున్న చప్పుడు.